మజ్జ కణం ఏం కాగలదు, ఏం కాలేదు

2024 జూన్‌లో ‘నేచర్’ పత్రిక 22 ఏళ్ల కిందట తానే ప్రచురించిన ఒక పరిశోధన పత్రాన్ని వెనక్కి తీసుకుంది. ఎదిగిన శరీరంలోని ఎముక మజ్జలో ఉండే ఒక రకం మూలకణం మెదడు, కాలేయం, రక్తనాళం, దాదాపు ఏ కణంగానైనా మారగలదని 2002లో చెప్పిన పత్రం అది. రాసింది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కేథరిన్ వెర్ఫాయీ బృందం. అందులోని బొమ్మలపై అనుమానాలు 2007 నుంచీ ఉన్నాయి. అసలు బొమ్మలు దొరకక అవి తీరనే లేదు. ఈలోగా నాలుగు వేలకు పైగా పత్రాలు దాన్ని ఉటంకించాయి.

అంత తేలిగ్గా ఎందుకు నమ్మారంటే, కాలం కలిసొచ్చింది. 2001 ఆగస్టులో బుష్ ప్రభుత్వం పిండ మూలకణాల పరిశోధనకిచ్చే ప్రభుత్వ నిధులపై పరిమితులు పెట్టింది. పిండం జోలికి పోకుండా మజ్జతోనే పని జరుగుతుందంటే రాజకీయ నాయకులకూ, మతపెద్దలకూ, రోగులకూ అందరికీ తీపి కబురే. పైగా 1998 నుంచి వరసగా ఎలుకల ప్రయోగాలు అదే పాట పాడాయి: మజ్జ కణాలు కండరమయ్యాయి, కాలేయమయ్యాయి, మెదడులో కనిపించాయి. 2001లో గుండె పరిశోధకుడు పియెరో అన్వర్సా బృందమైతే, ఎలుక గుండెలో దెబ్బతిన్న భాగంలో తొమ్మిది రోజుల్లో మూడింట రెండొంతుల మేర కొత్త కండరం పెరిగిందంది. ఆ రోజుల్లోనే జర్మనీలో గుండెపోటు రోగులకు మజ్జ కణాలు ఎక్కించడం మొదలైంది.

తప్పు ఎక్కడ జరిగింది? మగ దాత మజ్జ ఎక్కించిన స్త్రీ కాలేయంలో ‘వై’ క్రోమోజోము ఉన్న కణాలు కనబడితే, మజ్జే కాలేయంగా మారిందనుకున్నారు. 2002, 2003లలో వేరే ప్రయోగశాలలు క్రోమోజోములు లెక్కపెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఎలుకల్లో అలాంటి కణాలు చాలావరకు రెండు కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. మజ్జ నుంచి వచ్చిన కణం అక్కడున్న కాలేయ కణంతో ఏకమై దాని రూపు పొందింది. పాలల్లో కలిసిన నీళ్లు తెల్లగా కనిపించినంత మాత్రాన పాలు కావు కదా. గుండె కథనూ 2004లో రెండు బృందాలు అదే ‘నేచర్’లో తోసిపుచ్చాయి. అన్వర్సా ప్రయోగశాల పత్రాలు 31 ఉపసంహరించాలని 2018లో ఆయన పనిచేసిన హార్వర్డ్ తేల్చింది. మోసం, తొందరపాటు, నిజాయతీగా చేసిన పొరపాటు ఇక్కడ కలగలిసి ఉన్నాయి. కణాల కలయికను గుర్తించలేకపోయిన వాళ్లందరినీ మోసగాళ్ల గాటన కట్టడం అన్యాయం.

ఇంతకీ మజ్జ అల్పమైనదేమీ కాదు. రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్రకణాలను తయారుచేస్తుంది. రక్తాన్ని పుట్టించే మూలకణాల పక్కనే ఎముక, మృదులాస్థి, కొవ్వు కాగల మరో జాతి కణాలున్నాయి. వాటిని సోవియట్ శాస్త్రవేత్త ఫ్రీడెన్‌స్టెయిన్ 1960ల్లోనే గుర్తించారు. వాటికి ‘మీసెంకైమల్ స్టెమ్ సెల్’ పేరును వాడుకలోకి తెచ్చిన ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ పేరు మార్చమని కోరారు. అవి కొత్త అవయవంగా మారి కాదు, మందులాంటి పదార్థాలు స్రవించి మేలుచేస్తాయన్నది ఆయన వాదన. మజ్జ మార్పిడి తర్వాత దాత కణాలు పిల్లల శరీరంపై దాడిచేసే జబ్బుకు 2024 డిసెంబరులో అమెరికా ఆమోదించిన మందు ఈ కణాలతోనే తయారైంది.

దిద్దుబాటు పత్రికల్లో జరిగినంత వేగంగా, అంటే ఆ నత్తనడకనైనా, బజారుకు చేరలేదు. మోకాలి నొప్పి, ఆటిజం, పక్షవాతం, అన్నింటికీ ‘స్టెమ్ సెల్’ ఇంజెక్షన్ అంటూ మన నగరాల్లో కనిపించే ప్రకటనలు 2001 నాటి ఊహ మీదే బతుకుతున్నాయి. రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి తప్ప తక్కినవి క్లినికల్ ట్రయల్ బయట చేయరాదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోరు. కాబట్టి బిల్లు చేతికిస్తే అది ట్రయల్ కాదని అర్థం.

మజ్జకు తెలిసిన పనినే దాని చేత చేయించిన చోట ఫలితం దక్కింది. రోగి సొంత రక్త మూలకణాల్లో ఒక జన్యువును సవరించి తిరిగి ఎక్కించే సికిల్ సెల్ రక్తహీనత చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. ఆదిలాబాద్‌లో, అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆదివాసీలను పీడిస్తున్న జబ్బు అది. చికిత్స ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. పాత పద్ధతిలో మజ్జ మార్పిడి చేద్దామంటే, ఒక్కో తోబుట్టువు మజ్జ పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే.