కలివికోడికి కాసింత నేల

కడప సమీపాన లంకమల కొండల పాదాల దగ్గర ముళ్లపొదల నేల ఒకటుంది. తుమ్మ, రేగు, కలివి పొదలు తప్ప అక్కడ చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. దారిన పోయేవారు దాన్ని బీడు అంటారు. ఎందుకూ పనికిరాని నేల అని కూడా అంటారు. కానీ ప్రపంచంలో ఎంతో అరుదైన పక్షుల్లో ఒకటైన కలివికోడికి అదే ఇల్లు. కలివి పొదల మధ్య తిరుగుతుంది గనుక దానికా పేరు.

తీతువు కంటే కాస్త చిన్నదైన ఈ పక్షి పగలంతా పొదల నీడన నక్కి ఉంటుంది. రాత్రివేళ నేలమీద పరుగులు తీస్తూ పురుగుల్ని ఏరుకు తింటుంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తర్వాత మళ్లీ ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే పండితులు తలపోశారు. డాక్టర్ సలీం అలీ తన జీవితాన్ని ధారపోసిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పట్టు వదలకుండా గాలించగా, 1986 జనవరిలో కడప దగ్గర అది మళ్లీ దొరికింది. దాన్ని పట్టి ఇచ్చింది ఏ శాస్త్రజ్ఞుడో కాదు, చేతిదీపంతో రాత్రిపూట పొదల్లో తిరిగే ఒక పల్లెవాసి. 1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అంతటితో కథ సుఖాంతం కాలేదు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి ఉన్న చోటికే వచ్చి పడింది. పొదలు కొన్ని నేలమట్టమయ్యాయి. అభ్యంతరాలు వచ్చాక కాలువ మార్గం మార్చారు. నీళ్లు అక్కర్లేదని రాయలసీమలో ఎవరనగలరు? మేమూ అనం. కాలువను పక్కకు జరపవచ్చు, కలివికోడిని జరపలేం. ఇక్కడ చూడవలసింది ఇదే.

శుక్రవారం పేజీకీ ఈ పిట్టకూ సంబంధమేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. భూమిపై సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6:38) తెలియజేస్తోంది. సముదాయమన్నాక దానికి ఉండడానికో చోటు కావాలి కదా! మహాప్రవక్త ముహమ్మద్ (స) మదీనా నగరం చుట్టూ హద్దులు నిర్ణయించి, ఆ హద్దుల్లో చెట్లు నరకరాదనీ, జంతువుల్ని వేటాడరాదనీ ఆదేశించారు. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లల్ని పట్టుకు వచ్చారు. తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ వారిపైనే తిరగసాగింది. అది చూసి, దాన్ని ఎవరు బాధపెట్టారని ప్రవక్త (స) అడిగి, పిల్లల్ని తిరిగి ఇచ్చేయమన్నారు. ఈ హదీసును మనం వేదికలపై ఎన్నిసార్లో విన్నాం. ఇంటికి వచ్చి పంజరంలోని మిఠ్ఠూకు సలాం నేర్పుతూ మురిసిపోతున్నాం. అడవి చిలుకల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని ఎందరికి తెలుసు?

హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఉదంతం ఒకటి ఇక్కడ మరీ ముఖ్యం. కొంత పచ్చిక నేలను ‘హిమా’ పేరిట, అంటే రక్షిత భూమిగా, ఆయన కేటాయించారు. నిజానికది అడవి మృగాల కోసం కాదు, ప్రజాధనానికి చెందిన పశువుల కోసం. హునై అనే సేవకుణ్ణి దానికి కాపలా ఉంచుతూ, నాలుగు ఒంటెలో నాలుగు గొర్రెలో ఉన్న పేదవాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ (రజి) వంటి సంపన్నుల మందల్ని మాత్రం రానివ్వవద్దన్నారు. వారి పశువులు పోతే తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడి పశువులు పోతే పిల్లలతో సహా వచ్చి ఖలీఫా గుమ్మం ముందు నిలబడతాడు. ఆయన చెప్పిన కారణం అది.

ఈ మాట లంకమలకు ఎంత చక్కగా సరిపోతుందో చూడండి. అక్కడ పరిశోధించినవారు నేలపై మెత్తటి మట్టి పరిచి, దానిమీద పడిన అడుగుజాడల్ని లెక్కించారు. హెక్టారుకు 300 నుంచి 700 వరకు పెద్ద పొదలున్న చోటే కలివికోడి ఎక్కువగా తిరుగుతోందని తేల్చారు. పొదలు మరీ దట్టమైతే అది పరుగెత్తలేదు. మరీ పలచబడితే దాక్కోలేదు. అంటే కొద్దిపాటి మేకలతో వచ్చే కాపరి దానికి శత్రువు కానవసరం లేదు. హద్దులేని మేత, వంటచెరకు నరుకుడు ఒక ప్రమాదమైతే, పొదల్ని వేళ్లతో పెకలించి నేలను దున్నే యంత్రం అంతకంటే పెద్ద ప్రమాదం. దాని వెనుక ఉండేది సాధారణంగా పేదవాడు కాడు. అడవిని కాపాడాలనగానే మొదట మేకలవాడి మీదే కర్ర లేస్తుంది. ఉమర్ (రజి) కర్ర అటు లేవలేదు.

2008 తర్వాత ఈ పక్షి ఆచూకీ చాలాకాలం రూఢి కాలేదు. మళ్లీ పోయిందనే భావించారు. 2025 ఆగస్టులో పక్షి ప్రేమికుల బృందం ఒకటి రాత్రివేళ దాని కూతను రికార్డు చేసింది.

కాబట్టి కడప, బద్వేలు, సిద్ధవటం మసీదుల ఖతీబులకు మా విన్నపం ఒకటే: ఒక్క జుమా ప్రసంగంలో ఈ హిమా సంగతి చెప్పండి. కౌజుల కోసం ఆ పొదల్లో వలలు పన్నే కుర్రవాళ్లు మన వీధుల్లోనూ ఉన్నారు. వలకు కౌజుకూ కలివికోడికీ తేడా తెలియదు. అభయారణ్యం అంచున పొలాలున్న రైతు సోదరులు పొదల్ని చదును చేయించే ముందు అటవీశాఖ వారిని ఒక మాట అడగండి. రాత్రిపూట పొదల్లోంచి కొత్త కూత ఏదైనా వినిపిస్తే, దాన్ని వెతుక్కుంటూ వెళ్లకుండా, వారికే కబురు చేయండి.