స్కాన్ చిత్రం చెప్పేది, చెప్పనిది

గత మాసం ఒకనాడు అస్ర్ నమాజు తరువాత, మా మదరసాలో చదువుకునే ఒక విద్యార్థి తండ్రి మమ్మల్ని కలుసుకున్నారు. ఆయన చేతిలోని పెద్ద కవరులో తన భార్య మెదడు స్కాన్ ఫిల్ములు ఉన్నాయి. కణితి ఉన్నదని, శస్త్రచికిత్స అవసరమని వైద్యులు చెప్పారట. దుఆ చేయమని కోరగా చేశాము. అటు తరువాత ఆయన ఒక ఫిల్మును కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని ఇలా అడిగారు:

“మౌలానా గారూ! కణితి ఎక్కడున్నదో నాబోటి చదువు లేనివాడికే కనిపిస్తోంది. ఆస్పత్రిలో కంప్యూటరు మీద అన్ని వైపులా తిప్పి చూపించారు కూడా. ఇంత స్పష్టంగా కనిపించేదాన్ని పూర్తిగా తీసేస్తామని డాక్టరు గారు ఎందుకు మాట ఇవ్వరు? మా దగ్గర ఏమైనా దాస్తున్నారా?”

మేము వైద్యులము కాము. అయినా ఈ అనుమానం ఎన్నో కుటుంబాలను వేధించేదే కనుక, చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

మొదట తెలుసుకోవలసింది ఏమిటంటే, స్కాన్ చిత్రం ఫోటో వంటిది కాదు. అది ఒక లెక్క. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌ కిరణాలను కనుగొన్నప్పుడు ఎముకలు కనిపించాయి గాని, పుర్రె లోపలి మెత్తని మెదడు కనిపించలేదు. ఆ తెర తొలగడానికి ముప్పాతిక శతాబ్దం పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో ఒక మహిళ మెదడుకు తొలి సి.టి. స్కాన్ తీశారు. ఆ యంత్రం అనేక కోణాల నుంచి కిరణాలను పంపి, అవి అవతలికి చేరేసరికి ఎంత బలహీనపడ్డాయో కొలిచింది. ఒక పట్టికలోని అంకెలను చెరిపివేసి, అడ్డు, నిలువు, ఐమూల వరుసల మొత్తాలను మాత్రమే ఇచ్చారనుకోండి. ఏ గడిలో ఏ అంకె ఉండేదో ఓపికగా లెక్కకట్టవచ్చు. కంప్యూటరు చేసేది అటువంటి పనే. నాటి చిత్రంలో అడ్డంగా 80, నిలువుగా 80 గడులు మాత్రమే ఉండేవి. ఈ విద్యకు గణితపు పునాది వేసిన అలన్ కార్మాక్‌కూ, హౌన్స్‌ఫీల్డ్‌కూ కలిపి 1979లో నోబెల్ బహుమతి లభించింది.

తరువాత వచ్చిన ఎం.ఆర్.ఐ. మెత్తని భాగాలను మరింత విడమరచి చూపింది. 1990ల నుంచి మెదడులోని నాడీ తంతువుల దారులనూ చూపుతున్నది. నీరు తంతువు వెంబడి సులువుగా కదులుతుంది, అడ్డంగా కష్టంగా కదులుతుంది. ఆ కదలికను కొలిచి కంప్యూటరు దారులను గీస్తుంది. తెర మీద కనిపించే రంగురంగుల దారాలు ఎవరూ కంటితో చూసినవి కావు. కొలతల ఆధారంగా చేసిన అంచనాలు.

ఈ చిత్రాలను శస్త్రచికిత్స సమయంలోనే వైద్యుని పరికరంతో అనుసంధానించే పద్ధతులు 1980లలో మొదలయ్యాయి. అమెరికాలోని డార్ట్‌మత్‌లో డేవిడ్ రాబర్ట్స్ బృందం 1986లో ఇటువంటి పద్ధతిని ప్రకటించింది. ఫోనులోని పటం మన వాహనం ఎక్కడున్నదో చూపినట్లే, వైద్యుని పరికరపు మొన మెదడులో ఎక్కడున్నదో తెర చూపుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. రోడ్డు కదలదు, మెదడు కదులుతుంది. పుర్రెను తెరచి, లోపలి పొరను కోయగానే మెదడు చుట్టూ ఉన్న ద్రవం కొంత జారిపోతుంది. అంతవరకు ఆ ద్రవంలో తేలుతున్న మెదడు తన బరువుకు తానే కుంగుతుంది. వాపు ఉంటే పైకి ఉబుకుతుంది. కణితిని తీసేకొద్దీ ఖాళీ అయిన చోటికి పక్క భాగాలు ఒరుగుతాయి. ఈ కదలిక ఒక్కోసారి సెంటీమీటరుకు మించుతుంది. కణితికీ, మాటను మోసే తంతువులకూ నడుమ ఉన్న దూరమేమో కొన్ని మిల్లీమీటర్లే. అంటే మన చేతిలోని ఫిల్ము మూసి ఉన్న మెదడుకు పటం. వైద్యుడు ప్రయాణించవలసింది తెరచిన మెదడులో.

దీనికి శాస్త్రజ్ఞులు మార్గాలు వెదికారు. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రిలో ఫెరెంట్స్ యోలెస్ బృందం 1990లలో ఆపరేషన్ గదిలోకే ఎం.ఆర్.ఐ. యంత్రాన్ని తెచ్చింది. అది మిక్కిలి ఖర్చుతో కూడినది. అల్ట్రాసౌండ్‌తో మధ్యమధ్య చూడడం చౌకైన మార్గం. మరొకటి గణిత నమూనా. మెదడును కంప్యూటరులో వేలాది చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్క ఎంత మెత్తనిదో అంకెలలో పొందుపరుస్తారు. పైభాగం ఎంత కుంగిందో కెమెరాతో కొలిస్తే, లోతున ఉన్నది ఎటు జరిగి ఉంటుందో కంప్యూటరు గణించి, పాత పటాన్ని ఆ మేరకు వంచుతుంది. అయితే ఒకరి మెదడు మెత్తదనం మరొకరిది కాదు, కణితి గట్టిదనమూ అందరిలో ఒకటి కాదు. కనుక అది కూడా అంచనాయే.

అందుకే నేటికీ కొన్ని శస్త్రచికిత్సలలో రోగిని మెలకువగా ఉంచి, మాట్లాడిస్తూనే కణితిని తొలగిస్తారు. మెదడుకు తనదైన నొప్పి తెలియదు. బొమ్మ పేరు చెప్పడంలో మాట తడబడితే వైద్యుడు అక్కడ ఆగుతాడు. ఇన్ని యంత్రాల నడుమ అంతిమ సాక్ష్యం రోగి నోటి మాటే.

కనుక “పూర్తిగా తీస్తామని చెప్పలేము” అన్న వైద్యుడు ఏదో దాస్తున్నాడని అనుకోనక్కరలేదు. తన పటానికి ఉన్న హద్దును ఆయన నిజాయితీగా చెబుతున్నాడు. కుటుంబం అడగవలసిన ప్రశ్నలు వేరు. కణితి ఏ శక్తికి దగ్గరగా ఉన్నది? మాటకా, చేతికా, చూపుకా? మెదడు కదిలితే ఎలా గమనిస్తారు? మధ్యలో మళ్లీ స్కాన్ గాని, అల్ట్రాసౌండ్ గాని ఉంటుందా? ఎక్కడ ఆగిపోతారు?

ఈ చివరి ప్రశ్నకు సగం జవాబు వైద్యునిది, మిగతా సగం రోగిది. కొంత కణితి మిగిలినా మాట నిలవాలని ఒకరు కోరవచ్చు. చేయి బలహీనపడినా ఎక్కువ కాలం బిడ్డల దగ్గర ఉండాలని మరొకరు కోరవచ్చు.

ఇదంతా విన్న తరువాత మేము ఆయనను అడిగాము: “మీ ఇంటావిడ ఏమంటున్నారు?”

ఆయన కొంతసేపు మౌనంగా ఉన్నారు. “ఆమెను ఎవరమూ అడగలేదండీ. భయపడుతుందని ఫిల్ము కూడా చూపించలేదు” అన్నారు. ఫిల్ములను జాగ్రత్తగా కవరులో పెట్టుకుని, మగ్రిబ్ వరకు ఆగకుండా ఇంటికి బయలుదేరారు.