సంచీ మీద పేరు

మా సంఘం లెక్కల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రూపాయి తేడా రాదు. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఏ తారీఖున, దేనికి ఖర్చయింది, అన్నీ గళ్ళు గీసి రాసినవే. సత్తెనపల్లిలో డిగ్రీ చదివే రోజుల్లో పదకొండుమందిమి కలిసి పెట్టుకున్న సేవాసంఘానికి నేను కోశాధికారిని. ఎవరైనా నోరెత్తితే ఆ పుస్తకం తెచ్చి ముందు పడేద్దామని ఉండేది. అడిగినవాళ్ళు లేరనుకోండి. ఇప్పుడు తిరగేస్తుంటే అందులో ఒక గడి లేదని తెలుస్తోంది. ఇచ్చినాయనకి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, మనకెందుకు ఇస్తున్నాడు అని రాసుకునే గడి.

“మేం” అంటూ రాస్తున్నాను. ఆ మాట చాటున దాక్కోవచ్చని నాకూ తెలుసు. పదకొండుమంది పంచుకుంటే తప్పు తలా కాస్త వస్తుందనుకుంటాం. అది అప్పులాంటిది కాదు, ఎవరి వాటాకి వాళ్ళకి మొత్తం వస్తుంది.

2018లో మొదలుపెట్టినప్పుడు మా డబ్బు మాదే. మనిషికి నెలకి యాభై రూపాయలు. పాత పుస్తకాలు పోగుచేసి జూనియర్లకి ఇచ్చేవాళ్ళం, రక్తం కావాలని ఫోనొస్తే గుంటూరు పెద్దాసుపత్రికి పరిగెత్తేవాళ్ళం. తర్వాత ఒక నాయకుడి పుట్టినరోజుకి రక్తదాన శిబిరం పెట్టాం. రక్తం మాది, ఫ్లెక్సీ ఆయనది. అక్కణ్ణుంచి జారడం ఎంత తేలికో చెప్పడానికి ఎక్కువ రాయనక్కర్లేదు, మన ఊళ్ళలో అందరికీ తెలిసిన బాటే.

2020 లాక్‌డౌన్‌లో బియ్యం, పప్పు పంచుతుంటే డబ్బు ఎటునుంచి పడితే అటునుంచి వచ్చింది. నా ఫోన్‌పేకి, నా సొంత ఖాతాకి. మా పక్క ఊళ్ళో పుట్టి అమెరికాలో స్థిరపడిన పెద్దాయన ఒకరు నలభై వేలు పంపారు. కళ్ళకద్దుకుని తీసుకున్నాం. రెండేళ్ళ తర్వాత ఒక ఆడిటరుగారు తల పట్టుకుని చెప్పారు. ఆయన అక్కడి పౌరసత్వం తీసుకున్నారు కాబట్టి, ఏ ఊళ్ళో పుట్టినా సరే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం లెక్కలో అది విదేశీ డబ్బే. దానికి ముందస్తు అనుమతో రిజిస్ట్రేషనో ఉండాలి. 2020 సవరణ తర్వాతైతే అలాంటి డబ్బు మొట్టమొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. మాకు అసలు సంఘం రిజిస్ట్రేషనే లేదు. ఆ పెద్దాయనది మంచి మనసు, మాది తెలియనితనం. ఈ తప్పుని మాత్రం నేను క్షమించుకోగలను. తెలిసి చేసినదాని గురించి చెప్పడానికే ఇదంతా.

2021 వానాకాలం మిరప సంగతి ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. నల్ల తామరపురుగు, మావాళ్ళు నల్లి అనేశారు. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి కనిపించిన పురుగట. ఆరేళ్ళు తిరిగేసరికి మన మిరపతోటల్లో పూతలో చేరింది. పూత పూసినట్టే ఉంటుంది, కాయ దిగదు. పొద్దున పువ్వు విదిలిస్తే అరచేతిలో నల్లగా పాకేవి. ఎకరాకి లక్షన్నర, రెండు లక్షలు పెట్టినవాళ్ళు, పైన కౌలు కట్టినవాళ్ళు, ఏ మందు చెబితే ఆ మందు కొట్టారు. ఎవరు చెప్పిన మందు? కొట్టాయన చెప్పిన మందు. ఈ నేలలో వ్యవసాయాధికారి కంటే ముందు పలికేది పురుగుమందుల కొట్టే. అరువిచ్చేదీ అదే, సలహా ఇచ్చేదీ అదే, నూటికి రెండు రూపాయల వడ్డీ రాసుకునేదీ అదే. మందు పనిచేయకపోతే ఇంకో మందిచ్చేదీ అదే.

అందులో “బయో” అని ఒక రకం ఉంటుంది. డబ్బా మీద ఆకుల బొమ్మ, లోపల ఏముందో దేవుడికెరుక. పురుగుమందు అని రాసుకోదు కాబట్టి 1968 నాటి పురుగుమందుల చట్టానికి చిక్కదు, ఎరువు అని రాసుకోదు కాబట్టి ఎరువుల ఉత్తర్వుకీ చిక్కేది కాదు. మొక్కకి ఊపునిచ్చే బయోస్టిమ్యులెంట్లను 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. ఉత్తర్వు వచ్చిన ఏడాదే ఈ నల్లి వచ్చింది. బెదిరిన రైతు చేతిలో ఆకుల బొమ్మ డబ్బాలు వరసగా ఖాళీ అయ్యాయి. మా నాన్న తరం వాళ్ళు 1987-88 గురించి చెబుతారు, పత్తి మీద తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది. కొట్టేకొద్దీ దోమ పెరిగిందే తప్ప తగ్గలేదని. అంటే మాకు ఇదేం కొత్త కథ కాదు. వింటూ పెరిగినవాళ్ళమే.

2022 వేసవిలో, బడులు తెరిచే ముందు, ఒక పురుగుమందుల వ్యాపారి మాకు కబురుచేశాడు. ఆయన పేరు రాయను. రాస్తే చదివేవాళ్ళ కోపమంతా అటు పోతుంది, నేనిక్కడ మోయాల్సింది మా బరువు. పేదపిల్లలకి, అందులోనూ తండ్రిని పోగొట్టుకున్న రైతుల పిల్లలకి, నూటయాభై బడి సంచులు ఇస్తానన్నాడు. అరవై వేల రూపాయల చెక్కు. నగదు కాదు, చెక్కు. కోశాధికారిగా అది చూసి నేను మురిసిపోయాను. సంచీ మీద ఆయన కొట్టు పేరు, ఆయన అమ్మే ఒక బయో కంపెనీ బొమ్మ ఉంటాయి, అంతే.

ఆ రోజు టీకొట్టు దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. మాట్లాడుకున్నాం అనడం కూడా అబద్ధమే, రంగుల గురించి మాట్లాడుకున్నాం. మాలో ఇద్దరి నాన్నలకి ఆ కొట్లో అరువుంది, వాళ్ళు నోరు మెదపలేదు. ఒకమ్మాయి “అదే కొట్టు కదా...” అని ఏదో అనబోయింది. అధ్యక్షుడు “నీకు తెలిసిన వేరే దాత ఉన్నాడా?” అన్నాడు. ఆమె ఊరుకుంది. నేను పెన్ను తీసి పద్దు రాసుకున్నాను.

సర్కారు బడి పిల్లలకి 2020 నుంచి విద్యాకానుక కిట్టులో సంచీ వస్తుండేది. బూట్లు, బెల్టు, నోటుపుస్తకాలతో పాటు. మేం ఇవ్వబోయే పిల్లల్లో ఎక్కువమందికి సంచీ ఉంది, లేదా రాబోతోంది. ఈ సంగతి మాకు తెలుసు. ఆ ముందువారమే మేం ఒక ఇంటికి వెళ్ళాం. కౌలుకి మూడెకరాల మిరప వేసి, ఆ శీతాకాలం దాటలేకపోయిన మనిషి ఇల్లు అది. ఎలా అన్నది ఈ ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పెద్దమ్మాయి పది పాసయింది. తల్లి మా కాళ్ళకి నీళ్ళిచ్చి, మంచం వాల్చి, ఒకటే అడిగింది. “పిల్ల ఇంటర్‌లో చేరాలంటే పన్నెండు వేలు కావాలంట బాబూ, మీ సంఘంలో ఏమన్నా వీలవుద్దా?”

ఆ మాట వ్యాపారికి చేరవేశాం, అది మా ఒక్క సాహసం. ఆయన నవ్వాడు. “ఫీజు కడితే ఎవరికి కనపడుద్దయ్యా? సంచీ అయితే రెండేళ్ళు ఊరంతా తిరుగుద్ది.” మేమూ నవ్వాం.

ఒక ఊరి బడి వరండాలో సభ పెట్టాం. పిల్లల్ని వరసగా నిలబెట్టి, సంచీలు ముందుకు తిప్పి పట్టుకోమని, ఫొటోలు తీశాం. తీసింది నేనే. ఆ కౌలు రైతు ఇంట్లో చిన్నపిల్లాడు ఆరో తరగతి. వాడి చేతిలోని సంచీ మీద ఉన్న బొమ్మ వాళ్ళ నాన్న ఇంటి వరండాలో వరసగా పేర్చిన ఖాళీ డబ్బాల మీద ఉన్న బొమ్మే. సభ అయ్యాక వాళ్ళమ్మ వచ్చి సంచీ చేత్తో తడిమి చూసి, కోపం ఏమీ లేకుండా, పద్దు సరిచూసుకునే మనిషిలా అంది: “ఈ సంచీ ఖరీదు మా ఖాతాలో రాశాడేమో కాస్త కనుక్కోండి బాబూ.”

ఎవరం కనుక్కోలేదు.

తర్వాత జరిగినదానికే నేను ఎక్కువ సిగ్గుపడతాను. ఆ శ్రావణంలో నలుగురైదుగురు రైతులు మా దగ్గరికొచ్చారు. బయో మందుల మీద అధికారులకి అర్జీ పెట్టుకోవాలి, చదువుకున్న పిల్లలు గదా, రాసిపెట్టండి, ఖాళీ డబ్బాలూ బిల్లులూ ఉన్నాయి అన్నారు. చాలామందికి బిల్లు లేదు, చీటీలే. అయినా రాయొచ్చు. పరీక్షలున్నాయని చెప్పాం. నిజానికి పరీక్షలు అయిపోయాయి. ఆ వ్యాపారి మాకు “రాయొద్దు” అని చెప్పలేదు, ఫోను చెయ్యలేదు, కనుసైగ కూడా చెయ్యలేదు. అరవై వేలకి ఆయన కొనుక్కున్నది సంచీల మీద జాగా మాత్రమే. మా నోరు మేం ఉచితంగా ఇచ్చేశాం.

మా పాత తాలూకాలోని వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి జయంతి డిసెంబరు 4న మేం ఏటా చేసేవాళ్ళం. కూలినాలి జనం గురించి ‘మాలపల్లి’ రాసి ప్రభుత్వం చేత నిషేధం వేయించుకున్న మనిషి, 1922లో గుంటూరులో ఆడపిల్లల చదువుకి శారదానికేతనం పెట్టిన మనిషి. ఆ ఏడు ఆయన ఫొటో పక్కన ఫ్లెక్సీలో ఆకుల బొమ్మ పడింది. దండ కూడా బయో కంపెనీదే.

ఈ మధ్య మళ్ళీ కలిసి కూర్చున్నప్పుడు ఇవన్నీ ఎత్తితే మాలో ఒకడు అడిగాడు, వెంకన్న హుండీలో వేసేవాళ్ళంతా సత్యహరిశ్చంద్రులేనా అని. మంచి ప్రశ్నే. కానీ హుండీలో వేసినవాడి కొట్టు పేరు భక్తుల వీపులకి అంటించి ఊరేగించరు. ఇంకొకడన్నాడు, ఈ ఊళ్ళో మిరప ఘాటు తగలని రూపాయి చూపించు, పత్తి నూగు అంటని నోటు చూపించు, జిన్నింగు మిల్లు, కోల్డ్ స్టోరేజీ, యార్డులో కమీషను వ్యాపారం అన్నీ వద్దంటే సంఘం మూసుకోవాల్సిందే అని. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక తేడా మాత్రం కనిపిస్తుంది. లాక్‌డౌన్‌లో ఒక ఎరువుల కొట్టాయన పేరు చెప్పొద్దని రెండు బస్తాల బియ్యం రిక్షాలో పంపించాడు. ఆ బియ్యం తిన్నవాళ్ళలో ఆయన బాకీదారులూ ఉండి ఉంటారు. ఆయన ఎవరి నోరూ అడగలేదు, ఎవరి ముఖమూ అడగలేదు. ఆ బస్తాలు ఇప్పుడైనా తీసుకుంటాను. సంచీల చెక్కు తీసుకోను. ఆపదలో ఉన్న ఇంటివాళ్ళకి ఆ ఆపద తేవడంలో చెయ్యున్నవాడు, ఆ ఇంటి పిల్లాడి భుజమ్మీదే తన పేరు మోయించాలనుకుంటే, వాడు దాత కాదు, ఖాతాదారుణ్ణి కొనసాగించుకుంటున్న వ్యాపారి.

పెద్దవాళ్ళకీ ఇది ఆలస్యంగానే తెలిసింది. అమెరికాలో నొప్పిమాత్రల వ్యసనంతో లక్షల కుటుంబాలు కూలాయి. ఆ మాత్రల కంపెనీ యజమానులైన సాక్లర్ కుటుంబం పేరు ప్రపంచంలోని గొప్ప గొప్ప మ్యూజియంల గోడల మీద ఉండేది. 2019 మార్చిలో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వాళ్ళ 10 లక్షల పౌండ్లు వద్దనుకుంది. 2021 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం గోడల మీద పేరు తీసేసింది. వాళ్ళకి గోడలు చెక్కుకునే వీలుంది. నూటయాభై సంచులు ఊళ్ళమీద పడ్డాక మేం వెనక్కి తెచ్చుకోలేం. కొన్ని ఇప్పటికీ పత్తి తీతకి వెళ్ళేవాళ్ళ భుజాలకి కనిపిస్తుంటాయి, అన్నం డబ్బాలు వేసుకుని. బొమ్మ చెరగలేదు, మంచి రంగు వేయించాం.

ఇప్పుడు సంఘం తమ్ముళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకి ఈ పుస్తకం ఇవ్వబోతూ ఖాళీగా ఉన్న చోట ఆ గడి గీశాను. పిల్లల ఫొటోలు తీయొద్దన్నాను, సొంత ఖాతాలోకి డబ్బు రానివ్వొద్దన్నాను, ఎవరి దగ్గర తీసుకున్నా రేపు వాళ్ళ మీద అర్జీ రాయాల్సొస్తే రాయగలమా అని ముందే ఒకరినొకరు అడుక్కోమన్నాను. అడగబోయిన అమ్మాయిని ఆపొద్దని కూడా. వాళ్ళు తలూపారు. మేమూ ఆ వయసులో తలూపేవాళ్ళమే.

ఆ పెద్దమ్మాయి ఇంటర్ ఫీజు పన్నెండు వేలూ వాళ్ళ మేనమామ గేదెనమ్మి కట్టాడు. 2022 జూన్ నెలాఖరుకి, నా చేతిరాతలోనే ఉంది, మా సంఘం ఖాతాలో నిల్వ 14,300 రూపాయలు.