నాథులాకు పాత పద్దు చాలదు

సిక్కింలోని నాథులా కనుమ మీదుగా వ్యాపారాన్ని మళ్లీ మొదలుపెట్టాలని భారత్, చైనా 2025 ఆగస్టులో ఒప్పుకున్నాయి. సంతోషమే. కానీ గేటు తీసినంత మాత్రాన సంత నిండదని గత అనుభవం చెబుతోంది. 1962 యుద్ధంతో మూతపడిన ఈ దారిని 44 ఏళ్ల తర్వాత, 2006 జూలై 6న ఎన్నో ఆశలతో తెరిచారు. అప్పుడు టిబెట్ నుంచి తెచ్చుకోనిచ్చినవి 15 సరుకులు: మేకలు, గొర్రెలు, వాటి తోళ్లు, గుర్రాలు, ఉన్ని, జడలబర్రె తోకలు, వెలిగారం, ఉప్పు వగైరా. కంచరగాడిదల మీద బరువులు మోసిన కాలం నాటి పద్దు ఇది. ఈ రోజుల్లో గ్యాంగ్‌టక్ దుకాణదారు జడలబర్రె తోకలు తెచ్చి ఎవరికి అమ్ముకోవాలి? 2012లో బూట్లు, తివాచీలు, రెడీమేడ్ దుస్తుల వంటివి కొన్ని చేర్చారు గానీ, మంచు లేని కొద్ది నెలల్లో, అదీ వారంలో కొన్ని రోజులే సాగే బేరానికి అవి చాలలేదు. 2020 నుంచి ఆ కాస్తా ఆగిపోయింది.

ఇది సైన్యం కాపలా కాసే చోటు, వ్యాపారమెందుకు అనే వాదన తేలిగ్గా తీసిపారేయాల్సింది కాదు. 14,000 అడుగులకు పైనున్న ఈ కనుమ టిబెట్‌లోని చుంబీ లోయను ఆనుకుని ఉంది. 1965లో చైనా హెచ్చరికల నడుమ ముందు పోస్టులు ఖాళీ చేయమన్నా జనరల్ సాగత్ సింగ్ నాథులాను వదల్లేదు. పక్కనున్న జెలెప్‌లా కనుమను మన సైన్యంలోని మరో డివిజన్ వదిలేస్తే చైనా వచ్చి కూర్చుంది. 1967 సెప్టెంబరులో మనవాళ్లు ఇక్కడ ముళ్లకంచె వేస్తుంటే చైనా కాల్పులకు దిగింది. ఆ నేలను నిలబెట్టింది సైనికులే, సందేహం లేదు. అయితే పర్మిట్లతో, తనిఖీల మధ్య, కనుమకు దిగువనున్న షెరథాంగ్ సంతలో జరిగే బేరం వల్ల ఒక్క బంకరూ వెనక్కి జరగదు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడైన గల్వాన్ ఘర్షణ జరిగింది ఎక్కడో లద్దాఖ్‌లో. నాథులా మూసి ఉంచితే నష్టపోయేది సిక్కిం వ్యాపారే తప్ప బీజింగ్ కాదు.

చైనా సరుకు వచ్చిపడుతుందన్న భయం ఇంకొకటి. 2024-25లో ఆ దేశంతో మన వాణిజ్య లోటు సుమారు 9,900 కోట్ల డాలర్లు. మూతపడి ఉన్న నాథులా నుంచి అందులో ఒక్క డాలరూ రాలేదు. సరిహద్దు ఊళ్లు ఖాళీ కాకూడదనే కేంద్రం 2023లో వైబ్రంట్ విలేజెస్ పథకం తెచ్చింది; ఆ ఊళ్లలో మనిషి నిలవాలంటే రోడ్డుతో పాటు రాబడీ ఉండాలి. కాబట్టి ఈసారి గేటు తెరిచేముందు, ఆ బేరం మీద బతకాల్సిన సిక్కిం వ్యాపారులనే పిలిచి కూర్చోబెట్టి, ఏది అమ్ముడుపోతుందో అడిగి కొత్త పద్దు రాయాలి.