అపూ యాసకి కోపం, అప్పన్న యాసకి నవ్వు

నెట్‌ఫ్లిక్స్‌లో 'మాస్టర్ ఆఫ్ నన్' మొదటి సీజన్ (2015)లో 'ఇండియన్స్ ఆన్ టీవీ' అని ఒక ఎపిసోడ్ ఉంది. చూడనివాళ్ళు చూడండి, అరగంటే. దేవ్ (అజీజ్ అన్సారీ) టాక్సీ డ్రైవర్ వేషానికి ఆడిషన్‌కి వెళ్తే ఇండియన్ యాసలో చెప్పమంటారు. చెప్పనంటాడు, వేషం పోతుంది. ఫ్రెండ్ రవికి ఆ పట్టింపు లేదు, పని దొరికితే చాలు. తర్వాత ఇద్దరూ ఒకే సీరియల్‌కి పనికొస్తారు గానీ, ఇద్దరు ఇండియన్లెందుకు, ఒకడు చాలంటాడు ఛానెల్ పెద్దమనిషి.

నాకు తెలిసిన ఐటీ జనం దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2017లో మన తెలుగుమూలాల హరి కొండబోలు 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' తీసినప్పుడూ అంతే. 'సింప్సన్స్'లో అపూకి గొంతిచ్చిన తెల్లాయన హాంక్ అజారియా 2020లో ఇక ఇవ్వనని తప్పుకుంటే, అదీ దెబ్బంటే అన్నారు.

బానే ఉంది. మరి వీళ్ళే లంచ్‌లో "ఓలమ్మో, ఏటి సేస్తన్నావు" అని సినిమా పనిమనిషిని అనుకరించి పడీపడీ నవ్వుతారేం? అడిగితే "సరదాకి బాసూ" అంటారు. అపూ కూడా సరదాకే పుట్టాడు మరి!

అక్కడ రంగు, ఇక్కడ కూలి. అంతే తేడా. మన తెరమీద శ్రీకాకుళం యాస ఎక్కువగా వాచ్‌మన్‌కీ, పనిమనిషికీ దక్కుతుంది. కలెక్టరుకీ డాక్టరుకీ దక్కదు. 'కేరాఫ్ కంచరపాలెం' (2018), 'పలాస 1978' (2020) లాంటివి వచ్చాయి, కాదనను. ఆ యాసలో మనుషులు ప్రేమించుకోగలరనీ, తిరగబడగలరనీ చూపించాయి. లెక్కపెడితే వేళ్ళు మిగిలిపోతాయి.

తమాషా ఏంటంటే, ఏటా ఆగస్టు 29న ఆఫీసు గ్రూపుల్లో తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు పంపుకుంటాం కదా, అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. సవరల భాష నేర్చుకుని, వాళ్ళకి పుస్తకాలు రాసిపెట్టిన మనిషి. 1892లో 'కన్యాశుల్కం' మొదట ఆడింది విజయనగరంలో. వాడుకభాషకి దారేసిన నేల మాట ఇప్పుడు కామెడీ ట్రాకు. ('శిష్ట' వ్యావహారికం అన్నప్పుడే గేటు దగ్గర వాచ్‌మన్ని పెట్టేశామేమో అని నా అనుమానం. అది వేరే గొడవ.)

మా వైపు కుర్రాళ్ళు హైదరాబాదొచ్చి మొదట నేర్చుకునేది జావా కాదు, 'ఏటి'ని 'ఏంటి' చెయ్యడం. ఇంటినుంచి ఫోనొస్తే కారిడార్లోకి పరిగెత్తేవాళ్ళని చూశాను. కొన్నాళ్ళకి అదీ ఉండదు, అమ్మతో కూడా సినిమా తెలుగే. "బేగి రా బాబూ" అని ఆవిడంటే "త్వరగానే వస్తానమ్మా" అని వీడు. ఆవిడకి ఎవరో ఆఫీసరుతో మాట్లాడుతున్నట్టుంటుంది. రెండు మాటల్లో ఫోన్ పెట్టేస్తుంది.

"మీ ఉత్తరాంధ్ర ఆర్టిస్టులే ఆ వేషాలేస్తున్నారుగా?" అంటారు. వేస్తారు, పొట్ట గడవాలి. నా తగువు రవితో కాదు, ఒకడు చాలన్నవాడితోనూ, అది చూసి నవ్వి ఫార్వర్డ్ కొట్టేవాళ్ళతోనూ.