మాటకు కట్టిన బిల్లు

చీకటి పడే వేళకు ఈసీఐఎల్ చౌరస్తాలో, కాప్రా గల్లీల మొగదల, నాచారం మెయిన్ రోడ్డు మీద క్యాబులు ఆగుతుంటాయి. మెడలో ఐడీ కార్డు, వీపున బ్యాగు, చేతిలో టిఫిన్ బాక్సుతో పిల్లలు ఎక్కుతారు. ఉప్పల్, హబ్సిగూడ వైపో, నగరం ఆ చివరికో వెళ్ళి తెల్లవార్లూ అమెరికా ఆస్పత్రుల బిల్లులు చూస్తారు. ఏం ఉద్యోగమమ్మా అని అడిగితే "మెడికల్ బిల్లింగ్ అంకుల్" అంటారు. "ఏఆర్ కాలర్‌ని" అంటారు ఇంకొందరు. డబ్బు రాకుండా ఆగిపోయిన క్లెయిము ఎందుకు ఆగిందో బీమా కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోవడం వాళ్ళ పని.

ఈ రంగంలో మోకాలి ఆపరేషన్ల బిల్లులుంటాయి, చక్రాల కుర్చీల బిల్లులుంటాయి. అరుదుగా ఇంకో రకం కూడా ఉంటుంది. మాట రాని మనిషి తరఫున మాట్లాడే యంత్రానిది. బొమ్మ నొక్కినా, అక్షరాలు కూర్చినా, తెర మీద చూపు నిలిపినా అది పైకి పలుకుతుంది. పక్షవాతంతో మాట పడిపోయినవారు, ఏఎల్ఎస్ లాంటి నరాల జబ్బుతో గొంతు పోయినవారు, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు వాడుతుంటారు.

ఆ యంత్రాలకు అమెరికా బిల్లింగులో కోడ్ల వరుస ఒకటుంది. ముందే రికార్డు చేసిపెట్టిన మాటలు వినిపించేవాటిని నిమిషాల లెక్కన విడదీశారు. 8 నిమిషాల వరకు మాటలు పట్టేది ఈ2500. 20 నిమిషాల వరకైతే ఈ2502. 40 నిమిషాలు దాటితే ఈ2506. అప్పటికప్పుడు కొత్త మాట కూర్చి పలికేవి వేరు. కోడింగ్ నేర్చుకునే పిల్లలకు ఇవి బట్టీ పట్టాల్సిన అంకెలు. నాకు మాత్రం ఆ మొదటి కోడ్ దగ్గరే మనసు చిక్కుకుపోయింది. 8 నిమిషాలే ఇస్తే ఏ మాటలు దాచుకుంటాం?

ఆకలి, దాహం, నొప్పి, బాత్రూం, ఫ్యాన్ వెయ్యి, లైటు తియ్యి. ఒక్క నిమిషంలో అయిపోతాయి. ఆ తర్వాత? కాఫీలో చక్కెర తగ్గిందని సణగాలి. మనవణ్ణి ఆటపట్టించాలి. ఉప్పల్ స్టేడియంలో మనవాళ్ళు క్యాచ్ వదిలేస్తే టీవీ ముందు కూర్చుని తిట్టాలి. ఇంటికొచ్చినవాళ్ళను భోంచేసి వెళ్ళమనాలి. ఆలోచించి చూస్తే రోజంతా మనం మాట్లాడేదాంట్లో అవసరానికి మాట్లాడేది పిసరంతే. మిగతాదంతా ఇలాంటి పనికిరాని కబుర్లే. మనల్ని మనవాళ్ళు గుర్తుపట్టేదీ వాటితోనే.

బిల్లు పాసవ్వాలంటే మాత్రం అవసరమే రుజువు కావాలి. స్పీచ్ థెరపిస్టు పరీక్షించి నివేదిక రాయాలి. ఆ థెరపిస్టు యంత్రం అమ్మే కంపెనీ మనిషి కాకూడదు. డాక్టరు రాసివ్వాలి. అన్నీ కుదిరితే అక్కడి ప్రభుత్వ బీమా, మెడికేర్, నూటికి 80 వంతులు భరిస్తుంది. ఏ కాగితం తక్కువైనా క్లెయిము 'డినయల్' అయి తిరిగొస్తుంది. అప్పుడు మన నాచారం పిల్ల అర్ధరాత్రి దాటాక ఫోన్ చెవిన పెట్టుకుని, ఎన్నడూ చూడని మనిషి మాట కోసం బతిమాలుతూ కూర్చుంటుంది.

ఒకప్పుడు మెడికేర్ ఈ యంత్రాలకు పైసా ఇచ్చేది కాదు. వాటిని సౌకర్యం కోసం కొనుక్కునే సామాను కింద జమకట్టింది. 2001 జనవరి నుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. 2014లో 13 నెలల అద్దె పద్ధతి తెచ్చారు. మాట అద్దెకన్నమాట! ఏఎల్ఎస్ బారిన పడిన ఫుట్‌బాల్ ఆటగాడు స్టీవ్ గ్లీసన్ పేరిట 2015లో చట్టం వచ్చాక ఆ అద్దె బెంగ తీరింది.

మాట రానివారికి మాట ఇచ్చే పని మన దగ్గరా జరుగుతూనే ఉంది. మాట ఆలస్యమైన పిల్లల్ని వెంటబెట్టుకుని ఎందరో తల్లిదండ్రులు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌కు వెళుతుంటారు. మానసిక వికలాంగుల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అక్కడే ఉంది. చెన్నైలో అజిత్ నారాయణన్ బొమ్మలతో మాట్లాడించే 'ఆవాజ్' తయారుచేశారు. అయినా మన ఇళ్ళలో ఎక్కువమందికి యంత్రం అమ్మే. లేదంటే భార్య.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మాట రాని పిల్లల తల్లులు ఆ సామెతను ఎప్పుడో తిరగరాశారు. బిడ్డ కళ్ళు ఎటు తిరిగాయో చూసి అన్నం కలుపుతారు. మాట పడిపోయిన పెద్దాయన గడియారం వైపు చూస్తే మాత్రల వేళయిందని, తలుపు వైపు చూస్తే పెన్షన్ మిత్రుడు ఇంకా రాలేదేమని అడుగుతున్నాడని ఆ ఇల్లాలికి తెలుస్తుంది.

కానీ ఎంత ప్రేమైనా ఊహే కదా. ఊహ ఒక్కోసారి తప్పుతుంది. ఉప్మా వద్దని చూసిన చూపు ఇంకాస్త పెట్టమన్నట్టు కనబడొచ్చు. మన బదులు ఇంకొకరు ఎప్పుడూ మాట్లాడుతుంటే, "కాదు, నేనన్నది అది కాదు" అనే వీలే ఉండదు. ఆ ఒక్క మాట చెప్పుకోగలిగినా యంత్రం ఖరీదు గిట్టినట్టే అనిపిస్తుంది.

భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1985లో గొంతు పోయింది. తర్వాత యంత్రం గొంతుతోనే మాట్లాడాడు. మెరుగైన గొంతులు వచ్చినా ఆ పాతదాన్నే తనదనుకుని ఉంచుకున్నాడు. చివరి ఏళ్ళలో చెంప కండరం కదలికతో నిమిషానికి ఒక మాట కూర్చడమే గగనమయ్యేది. అయినా జోకులు మానలేదు. అవి పూర్తయ్యేదాకా ఎదుటివాళ్ళు ఆగారు. ఆయన గొప్పవాడు కాబట్టి ఆగారు అనుకోవచ్చు. మన వీధిలో మనిషికి అంత గడువు మనం ఇస్తున్నామా?

యంత్రానికి కోడ్ ఉంది. థెరపిస్టు మొదటి గంట పరీక్షకు 92607, ఆపై ప్రతి అరగంటకు 92608. ఆగి వినేవారికి ఏ కోడూ లేదు, బిల్లూ లేదు. అది ఎవరైనా ఇవ్వగలిగిందే. కాబట్టి ఈసారి బ్యాంకులోనో, పెళ్ళి పందిట్లోనో మాట కష్టంగా వచ్చే మనిషి ఎదురైతే పక్కనున్నవారిని అడగకండి. ఆయన్నే అడగండి. మాట మధ్యలో అందుకోకండి. జవాబు వచ్చేదాకా కాస్త ఓపిక పట్టండి.