హ్యూరాన్ తీరాన మూడు రాత్రులు: ట్రాయ్ తెలుగు కుటుంబాలకు విజ్ఞప్తి

మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరంలోనూ దాని చుట్టుపక్కల ఊళ్ళలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు మాకినా ద్వీపాన్ని ఒక్క రోజులో చూసి తిరిగి వచ్చే అలవాటును మానుకోవాలనీ, అదే ప్రయాణాన్ని హ్యూరాన్ సరస్సు తీరం వెంబడి మూడు రాత్రుల యాత్రగా మలచుకోవాలనీ, ఈ మార్పుకు స్థానిక తెలుగు సంఘాలే పూనుకోవాలనీ ఈ కరపత్రం కోరుతోంది.

ట్రాయ్ నుంచి మాకినా సిటీ రేవుకు ఐ-75 రహదారి మీద సుమారు 270 మైళ్ళు ఉంటుంది గనుక, పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు కారులోనే గడిచిపోగా, ఫెర్రీ కోసం నిలబడే సమయమూ భోజనాల సమయమూ తీసివేస్తే ద్వీపానికి మిగిలేది మధ్యాహ్నపు ఎండ మాత్రమే. ఆ ఎండలో ఎక్కువగా నలిగిపోయేది సందర్శక వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. మోకాళ్ళ నొప్పులను పైకి చెప్పుకోలేక, పిల్లల ఉత్సాహాన్ని చిన్నబుచ్చలేక వారు కారులో కూర్చుంటారు. తిరుగు ప్రయాణం చీకట్లో సాగుతుంది. మిషిగన్ రహదారుల మీద జింకలను వాహనాలు ఢీకొన్న ప్రమాదాలు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 50,000 దాటుతున్నాయనీ, అవి తెల్లవారుజామునా సంధ్యవేళా ఎక్కువగా జరుగుతాయనీ తెలిసిన తరువాత కూడా, పగలంతా తిరిగి అలసిన ఒకే డ్రైవరు చేతికి కుటుంబమంతటినీ అప్పగించడం సమర్థించదగిన పని కాదు.

ఇందుకు మారుగా సూచిస్తున్న దారి ఇది. ఐ-75 మీద ఉత్తరంగా వెళ్ళి స్టాండిష్ దగ్గర యు.ఎస్.-23 రహదారికి మళ్ళితే, అక్కడి నుంచి మాకినా సిటీ వరకు సుమారు 200 మైళ్ళ మేర తీరం వెంబడి ప్రయాణించవచ్చు. ఈ భాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2004లో హెరిటేజ్ రూటుగా, అంటే చరిత్రకూ ప్రకృతి అందానికీ గాను ప్రత్యేకంగా గుర్తించిన మార్గంగా, ప్రకటించింది. విశాఖపట్నం నుంచి భీమిలికి సముద్రాన్ని పక్కన పెట్టుకుని వెళ్ళిన వారికి ఈ దారి స్వభావం వేరే చెప్పనక్కరలేదు, కాకపోతే ఇక్కడి నీరు ఉప్పనిది కాదు. తీరం తూర్పుముఖంగా ఉన్నందువల్ల నీటి మీద సూర్యోదయం చూడవచ్చు. మొదటి రాత్రి ఆల్పీనాలోనూ, తక్కిన రెండు రాత్రులు మాకినా సిటీలోనూ బస చేస్తే, ఏ రోజూ చీకటిపడ్డాక కారు నడపవలసిన అవసరం ఉండదు.

ఆల్పీనాను కేవలం మజిలీగా భావించడం పొరపాటు. ఆ ఊరి ఎదుట ఉన్న థండర్ బే జలాలను 2000లో జాతీయ మెరైన్ శాంక్చువరీగా ప్రకటించి, 2014లో సుమారు 4,300 చదరపు మైళ్ళకు విస్తరించారు. మెరైన్ శాంక్చువరీ అంటే నీటి అడుగున ఉన్న ప్రకృతి సంపదనూ చారిత్రక అవశేషాలనూ చట్టం రక్షించే ప్రాంతం. పొగమంచు, తుపానులు, రద్దీగా సాగిన సరకు రవాణా కలిసి అక్కడ ఎన్నో ఓడలను ముంచాయి. దాదాపు 100 ఓడల శిథిలాలను ఇంతవరకు గుర్తించారు. ఉప్పు సముద్రంలో కలపను తొలిచే పురుగులు ఈ మంచినీటిలో బతకవు కనుకా, నీరు చల్లన కనుకా, పంతొమ్మిదో శతాబ్దపు కొయ్య ఓడలు కొన్ని ఇప్పటికీ తమ ఆకారాన్ని నిలుపుకున్నాయి. ఊళ్ళోని గ్రేట్ లేక్స్ మారిటైమ్ హెరిటేజ్ సెంటర్‌లో ఈ చరిత్రను ఉచితంగా చూడవచ్చు. వేసవిలో అద్దపు అడుగు గల పడవలు శిథిలాల మీదుగా తిరుగుతాయి. బడిలో చరిత్రను పుస్తకాల్లోనే చదివే పిల్లలకు ఇంతకు మించిన పాఠం ట్రాయ్ నుంచి ఒక్క పూట దూరంలో మరొకటి దొరకదు. అక్కడి నుంచి మాకినా సిటీకి ఉన్న వంద మైళ్ళలోపు దారిలో ప్రెస్క్ ఐల్ దగ్గర 1840 నాటి పాత దీపస్తంభం, 1870 నాటి 113 అడుగుల కొత్త దీపస్తంభం ఉన్నాయి.

మాకినా ద్వీపం మూడో రోజుది. 1875లో ఇది అమెరికాలో రెండో జాతీయ పార్కు అయింది. 1895లో రాష్ట్రానికి దక్కి మిషిగన్ తొలి రాష్ట్ర పార్కుగా మారింది. 1898 నుంచి అక్కడ మోటారు వాహనాలను నిషేధించినందున, ద్వీపాన్ని చుట్టివచ్చే ఎనిమిది మైళ్ళ ఎం-185 రహదారి మీద సైకిళ్ళు, గుర్రపు బగ్గీలు, పాదచారులు మాత్రమే కనిపిస్తారు. ముందురోజు రేవు దగ్గరే నిద్రించిన కుటుంబం మొదటి ఫెర్రీని అందుకుని, జనం పోగయ్యేలోపే సగం ద్వీపాన్ని చూడగలుగుతుంది; పెద్దవారిని బగ్గీలో తిప్పి, సాయంత్రం చల్లబడ్డాక నింపాదిగా వెనక్కి రావచ్చు. ఇంకొక రోజు కలుపుకోగలవారు 1957లో ప్రారంభమైన మాకినా వంతెనను దాటి, ఎం-134 రహదారి వెంట 36 దీవుల లే షెనో సమూహాన్నీ, దారి చివర ఫెర్రీలో డ్రమండ్ దీవినీ చూడవచ్చు. ఇవన్నీ అమెరికాలోనే ఉన్నందువల్ల, కుటుంబంలో ఒకరికి గ్రీన్ కార్డు, మరొకరికి హెచ్-1బి, తల్లిదండ్రులకు సందర్శక వీసా ఉన్నా కెనడా వీసాల చిక్కు రాదు. పద్దెనిమిదేళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని వెంట ఉంచుకోవాలన్న అమెరికా చట్టాన్ని మాత్రం సరిహద్దుకు ఇంత దగ్గరలో మరువకూడదు.

నీటి విషయంలో రాజీ పడరాదు. చదువుకు వచ్చిన తెలుగు యువకులు అమెరికా సరస్సుల్లోనో జలపాతాల వద్దనో మునిగిపోయారన్న వార్త తెలుగు పత్రికల్లో పదేపదే కనిపిస్తూనే ఉంది. ప్రతిసారీ సంతాప సభ జరుగుతుంది, విరాళాలు పోగవుతాయి, అంతకు ముందే చెప్పవలసిన నాలుగు మాటలు మాత్రం ఎవరూ చెప్పరు. హ్యూరాన్ సుమారు 59,600 చదరపు కిలోమీటర్ల జలరాశి. ఆటుపోట్లు కంటికి కనిపించనంత మాత్రాన దానిని చెరువుగా భావించకూడదు. రిప్ కరెంట్, అంటే ఒడ్డుకు వచ్చిన అలల నీరు ఇరుకైన పాయగా వేగంగా లోపలికి మరలిపోయే ప్రవాహం, ఈత వచ్చినవారిని సైతం లాక్కుపోతుంది. అందులో చిక్కుకున్నవారు దానికి ఎదురీది అలసిపోకుండా, వెల్లకిలా తేలుతూ, పట్టు సడలాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు తప్పుకోవాలి. మిషిగన్ రాష్ట్ర పార్కుల తీరాల్లో కాపలా ఈతగాళ్ళు ఉండరు, జెండాలే హెచ్చరిక. ఎర్ర జెండా కనిపిస్తే నీటికి దూరంగా ఉండాలి, రెండు ఎర్ర జెండాలు కనిపిస్తే నీటిలో దిగడమే నిషిద్ధం.

ఖర్చు భయం కొంతవరకే నిజం. వాహన రిజిస్ట్రేషన్‌ను రెన్యూ చేసుకునేటప్పుడు కొద్ది రుసుముతో రిక్రియేషన్ పాస్‌పోర్టు తీసుకుంటే, ఆ కారుకు మిషిగన్ రాష్ట్ర పార్కులన్నిటిలోనూ ప్రవేశం లభిస్తుంది. పులిహోర, దద్దోజనం, చపాతీలు వెంట ఉంటే పార్కుల్లోని బల్లల దగ్గరే భోజనాలు జరిగిపోతాయి, శాకాహారుల ఇబ్బందీ తీరుతుంది. జూలై 4, లేబర్ డే వారాంతాలను విడిచి జూన్ చివర వారం మధ్య రోజుల్లో వెళితే గదుల అద్దెలూ రద్దీ తగ్గుతాయి. పైగా ఆ రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర వరకు వెలుతురు ఉంటుంది. లేబర్ డే నాడు వంతెన మీద జరిగే నడక కోసం ఉదయం వాహనాలను ఆపివేస్తారన్న సంగతి కూడా తెలిసి ఉండాలి.

ఇన్ని సంగతులను ప్రతి కుటుంబమూ విడివిడిగా వెతుక్కోవలసిన అవసరం లేదు. డెట్రాయిట్ ప్రాంతపు తెలుగు సంఘాలు పండుగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ చూపే శ్రద్ధలో కొంత భాగాన్ని దీనికి కేటాయించి, నాలుగైదు కుటుంబాల చొప్పున జట్లు కూర్చి, ప్రతి కారుకు ఇద్దరు డ్రైవర్లు ఉండేటట్టు చూసి, ప్రయాణానికి ముందు ఒక పూట నీటి భద్రత శిక్షణ ఇప్పించాలి. ఒంటరిగా ఉన్న విద్యార్థులను కూడా ఈ జట్లలో చేర్చుకోవాలి. రాష్ట్ర పార్కుల్లో బస స్థలాలు ఆరు నెలల ముందు నుంచే రిజర్వు అవుతాయి కనుక, ఈ జట్ల నమోదును ఉగాది వేడుకల నాటికి వాయిదా వేయకుండా సంక్రాంతి సంబరాల వేదిక మీదే ప్రారంభించాలి.